పచ్చజొన్నల సీసా పట్టుకుని జహీరాబాద్ దాకా

తిరిగొచ్చి వారం దాటింది, చెప్పులకంటిన ఎర్రమట్టి ఇంకా అలాగే ఉంది, కడగబుద్ధి కాలేదు. మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నా.

ఇదంతా మొదలైంది పోయిన ఎండాకాలంలో. కోయిలకుంట్ల పక్క పల్లెలో మా పాత మిద్దె అమ్మేశాం. సామాను దించుతుంటే అటక మీద ఓ మూలన చిన్న కుండ దొరికింది, మూతికి పేడా మట్టీ కలిపి గట్టిగా మెత్తేసి ఉంది. పగలగొడితే బూడిద, బూడిదలో జొన్నలు. దులిపి చూస్తే పసుపు కొమ్ము రంగులో నిగనిగలాడుతున్నాయి, ఒక్క గింజకి కూడా పురుగు బొక్క లేదు. మా జేజి, అంటే నాన్నమ్మ, పోయి ఆరేళ్లు. అంటే ఆ కుండ మూసింది అంతకు ముందే. మా చేను పదేళ్ల నుంచి కౌలుకే ఉంది, శనగ తప్ప అందులో ఇంకోటి పడలేదు. ఎవరు విత్తుతారని జేజి ఆ కుండ అంత జాగ్రత్తగా మూసి పెట్టిందో తలుచుకుంటే ఆ రోజు నాకు గొంతు పట్టేసింది.

"పాత పచ్చజొన్నరా ఇది. ఊర్లో ఇప్పుడు ఎవురి కాడా లేదు" అని అమ్మ వాటిని హార్లిక్స్ సీసాలో పోసుకుని హైదరాబాద్ తెచ్చుకుంది. అప్పట్నుంచి ఆ సీసా వంటగట్టు మీదే ఉంది. "ఇవి బతికుండాయా, సచ్చినాయా, ఎట్ల తెలుస్తాది?" అని వారానికోసారైనా అడిగేది. సంక్రాంతి అయ్యాక నాలుగు రోజులు సెలవు పెట్టి, అమ్మని, సీసాని కారెక్కించుకుని బయల్దేరా.

జనవరి 20, పటాన్‌చెరు

మేముండేది బీరంగూడలో. ఇక్రిశాట్ గోడ పక్కనుంచే రోజూ ఆఫీసుకి పోతాను, పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా లోపలేముందో చూద్దామని అనుకోలేదు. 1972లో పెట్టిన సంస్థ, వాన మీద ఆధారపడే మెట్ట పంటల పని చేస్తారు, అంతవరకే తెలుసు. అక్కడి విత్తన బ్యాంకు చూడ్డానికి ముందే అడిగి అనుమతి తీసుకున్నాం.

గేటు దాటి కొంచెం పోగానే అమ్మ కారు ఆపమంది. రోడ్డు పక్కన జొన్న చేను, ప్రతి కంకికీ గోధుమరంగు కాగితం సంచి తొడిగి ఉంది. "అదేందిరా, కంకులకు కుళ్లాయిలు పెట్టినారు!" అంది. మాకు చూపించడానికి వచ్చినాయన నవ్వి, "పక్క రకం పుప్పొడి పడకుండా అమ్మా, పడితే రెండూ కలిసిపోయి అసలు రకం పోతుంది" అన్నాడు. అవతల కంది మొక్కలకైతే ఏకంగా దోమతెరలాంటి వల కట్టారు, తేనెటీగలు ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదకి పోకుండా. నేను అప్పటిదాకా విత్తన బ్యాంకు అంటే పెద్ద ఫ్రిజ్ అనే అనుకున్నా, గింజలు లోపల పెట్టి తలుపేస్తే పని అయిపోయిందనుకున్నా. కాదట. ఫ్రీజర్లో ఉన్న విత్తనం కూడా మెల్లగా ముసలిదవుతుంది. కొన్నేళ్లకోసారి కొన్ని గింజలు తీసి మొలకెత్తించి చూస్తారు, నూటికి 85 కంటే తక్కువ మొలిస్తే ఆ రకాన్ని మళ్లీ పొలంలో వేసి, ఇలా సంచులు తొడిగి, కొత్త గింజ తీసి మళ్లీ లోపల పెడతారు. ఎవరైనా అడిగితే పంపగా పంపగా గింజలు తగ్గిపోయినా అంతే. మేం చూసిన కుళ్లాయిల చేను అలా మళ్లీ పండించుకుంటున్నదే.

లోపల మొదట చూపించింది ఎండబెట్టే గది. ఎండ లేదు, వేడి లేదు, 15 డిగ్రీల చల్లదనం, గాల్లో తేమ 15 శాతం, బట్ట సంచుల్లో గింజలు వరసగా. వారాల తరబడి అలా ఉంచితే గింజలో తేమ మెల్లగా దిగుతుంది, పంటని బట్టి 3 నుంచి 7 శాతం దాకా. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందట, పెట్టిన చోట వేడి ఓ ఐదు డిగ్రీలు తగ్గినా దాదాపు అంతేనట. అమ్మ శ్రద్ధగా విని, "మా అత్త మూడెండలు పోసేది నాయనా. పంటి కింద పెడితే పటుక్కుమనాల. మెత్తగా నలిగిందంటే ఇంకో ఎండ" అంది. ఆయన నిలబడిపోయాడు. "అదేనమ్మా, మేం మిషన్‌తో చూసేది కూడా అదే" అన్నాడు, మర్యాదకి అన్న మాట కాదు, మొహంలో నిజంగానే సంతోషం కనిపించింది.

ఆ తర్వాత 4 డిగ్రీల గది, నేలనుంచి పైకప్పు దాకా అల్యూమినియం డబ్బాలు. ప్రపంచంలో ఎవరు విత్తనం అడిగినా పంపేది ఇందులోంచే. దాని తర్వాత అసలైన దీర్ఘకాలపు గది, మైనస్ 20. అక్కడ డబ్బాలుండవు, గాలి పీకేసి సీలు వేసిన అల్యూమినియం రేకు పొట్లాలు, ఒక్కో దాని మీద నంబరు. చీర మీద పెద్ద కోటు తొడుక్కుని అమ్మ గడప దగ్గరే నిలబడి చూసింది, నేను రెండడుగులు వేశాను, ముక్కు లోపల వెంట్రుకలు కూడా బిగుసుకున్నట్టయింది. బయటికి రాగానే ఇద్దరి కళ్లద్దాలూ తెల్లగా ఆవిరి పట్టేశాయి, అమ్మ కొంగుతో ముందు తనవి తుడుచుకుని తర్వాత నావి తుడిచింది.

మొత్తం 1,20,000కు పైగా రకాలున్నాయట, 140కి పైగా దేశాలవి. జొన్నలే 40,000 దాటాయి. ఇంకా సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగి, కొర్ర, సామ, అరిక, ఊద, వరిగ. అమ్మకి అనుమానం వచ్చింది, "మామిడి టెంకలు గూడా పెడతారా?" అని. పెట్టరట, పెట్టలేరట. మామిడి, పనస, కొబ్బరి లాంటివి ఎండబెడితే చచ్చిపోతాయి, వాటిని చెట్లుగానే కాపాడుకోవాలి. ఆ మాట విన్నాక మా పెరట్లో కొట్టేసిన నాటు మామిడి గుర్తొచ్చింది, అమ్మ ఏమీ అనలేదు కానీ నావైపోసారి చూసింది.

ఇక్కడున్నవాటిలో లక్షకు పైగా రకాలకి నకలు పొట్లాలు నార్వే దేశపు స్వాల్‌బార్డ్ దీవుల్లో కొండలోపల కూడా పెట్టారు. 2008 ఫిబ్రవరిలో తెరిచిన గిడ్డంగి, అక్కడ మైనస్ 18. పెట్టెలు పంపినవాళ్లవే, వాళ్లు తప్ప ఇంకెవరూ తెరవడానికి లేదు. సిరియాలో అలెప్పో దగ్గరున్న విత్తన బ్యాంకువాళ్లు యుద్ధం వల్ల అక్కడ పని చేసుకోలేక, తాము దాచుకున్న పెట్టెల్ని 2015లో తిరిగి తీసుకున్నారు, లెబనాన్‌లో, మొరాకోలో విత్తి పండించి 2017లో మళ్లీ కొంత తీసుకెళ్లి పెట్టారు. "కష్టమొచ్చినప్పుడు పుట్టింట్లో దాచిన నగ తెచ్చుకున్నట్ల. మల్లా చేయించి పెట్టినారు సూడు, అదీ గొప్ప" అంది అమ్మ. ఇక్కడినుంచి కూడా ఇథియోపియా, బోట్స్వానా, కెన్యా లాంటి దేశాలకి వాళ్ల జొన్నలు వాళ్లకి తిరిగి పంపారట.

చివర్లో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మా జిల్లా పేరు కొట్టి చూపించాడు. పచ్చజొన్న అన్న పేరుతోనే స్క్రీన్ మీద వరసలు వరసలు. మొక్క ఎత్తు, పూతకొచ్చే రోజులు, గింజ రంగు అన్నీ ఉన్నాయి. అమ్మ ముందుకు వంగి, "వీటిలో మాది యాది?" అంది. ఆ ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు లేదు, ఉండదు కూడా. పేరు ఒకటే, ఊరూరికీ గింజ వేరు. "మాది రొట్టె తట్టితే అంచు పగలదు, పొద్దున చేసింది రాత్రికి గూడా మెత్తగుంటాది" అని అమ్మ చెప్తే ఆయన తల ఊపుతూ విన్నాడు, ఆ ముక్క రాసే గడి మాత్రం ఆ వరసల్లో నాకు కనిపించలేదు.

సీసా తీసుకోలేదు. ఇలా తెచ్చినవి నేరుగా లోపలికి పోవట, తెగుళ్లున్నాయో లేదో చూడాలి, ఊరు పేరు నుంచి అన్ని వివరాలూ కావాలి, ముందసలు మొలవాలి. "ఇంట్లోనే చూసుకోండమ్మా. సరిగ్గా వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టండి, పది రోజుల్లో తెలిసిపోతుంది" అని చెప్పి పంపాడు.

సాయంత్రం పటాన్‌చెరులో రోడ్డు పక్క కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేస్తున్న ఆమె దగ్గర ఆగాం, రొట్టె 20 రూపాయలు, పచ్చడి ఊరికే. అమ్మ రొట్టె పట్టుకుని అంచు చుట్టూ వేలు పెట్టి చూసింది, నాలుగు చోట్ల పగిలింది. "ఏం జొన్నమ్మా?" అంటే, "ఏమో అక్కా, మార్కెట్ల తెల్లజొన్న పిండి" అంది ఆమె. ఇద్దరూ కాసేపు పిండి కలిపే నీళ్ల గురించి మాట్లాడుకున్నారు.

జనవరి 21, దారి తప్పి బీదర్ రోడ్డు

జహీరాబాద్‌లో పొద్దున్నే లాడ్జిలో బ్యాగులు పడేసి, 900 కట్టి, ముందు పస్తాపూర్ పోయాం. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి ఇక్కడే పని చేస్తోంది, ఎక్కువగా దళిత మహిళా రైతులు, ఊరూరా సంఘాలు పెట్టుకుని పాత పంటల విత్తనాలు తమ దగ్గరే నిలుపుకున్నవాళ్లు. దాన్ని నడిపిన పి.వి. సతీష్ గారు 2023లో పోయారు. ఏటా సంక్రాంతికి మొదలై నెల రోజులు ఊళ్లు తిరిగే పాత పంటల జాతర నడుస్తోందని, ఆ సాయంత్రం ఝరాసంగం వైపు ఒక పల్లెలో ఉంటుందని అక్కడే తెలిసింది. చాలా టైముంది కదా అని మెల్లగా బయల్దేరాం.

ఫోన్ చెప్పిన దారి వదిలేసి ఎవరో చెప్పిన అడ్డదారి పట్టా. చెరకు బండ్లు, అల్లం చేలు, ఇటుక పొడిలాంటి ఎర్రమట్టి, ఉన్నట్టుండి నల్లరేగడి, మళ్లీ ఎరుపు. అరగంట పోయాక బోర్డుల మీద కన్నడం కనిపించింది. ఆపి అడుగుదామంటే రోడ్డు మీద మనిషి లేడు, చేలో మంచె మీద ఒక తాత వడిసెల తిప్పుతూ పిట్టల్ని తోలుతున్నాడు. జొన్న చేను, దాని చుట్టూ అంచున కుసుమ, పసుపూ నారింజా పూలతో నిండుగా. కుసుమకి ముళ్లుంటాయి కాబట్టి గొడ్లు లోపలికి రావు, పంటా అదే కంచే అదే. మా వైపు ఈ కంచె చూసి ఎన్నేళ్లయిందో అని అమ్మ అప్పటికే కారు దిగేసింది.

"మీరు బీదర్ తొవ్వ పట్టిండ్రు బిడ్డ, ఎన్కకు పోవాలె" అన్నాడు తాత. అన్నాడే గానీ మమ్మల్ని పోనివ్వలేదు. పాలకంకులు నాలుగు విరిచి, పిడకల నిప్పుల్లో తిప్పి తిప్పి కాల్చి, గోనెసంచిలో వేసి రెండు చేతులతో నలిపి, చెరిగి, వెచ్చగా ఉండగానే మా దోసిళ్లలో పోశాడు. ఊసబియ్యం. పైన పచ్చగా, లోపల పాలు చిక్కబడి, పొగ వాసన, కొంచెం తీపి. చిన్నప్పుడు జేజి వెంట చేలో తిన్నదే, ముప్పయ్యేళ్ల తర్వాత నోట్లో పడేసరికి ఏం మాట్లాడాలో తెలియలేదు. డబ్బులివ్వబోతే తాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, "చేన్ల తిన్నదానికి పైసలేంది?" అని. అమ్మ డబ్బాలోంచి ఊరిమిండి పచ్చడి ముద్ద ఒకటి జొన్నాకులో పెట్టిచ్చింది, అది మాత్రం తీసుకున్నాడు.

ఆ చేలో ఉన్నది తెల్ల మల్లెజొన్న అట. పక్క చేలో కంది చూపించి "అది మారుతి" అన్నాడు. ముందురోజే పటాన్‌చెరులో దాని సంగతి విన్నాను. మహారాష్ట్ర నుంచి సేకరించిన ఒక నాటు కందిలోంచి ఏరింది అది, ఎండుతెగుల్ని తట్టుకుంటుందని 1986లో కర్ణాటకలో మారుతి పేరుతో విడుదల చేశారు, బ్యాంకులో దాని నంబరు ఐసీపీ 8863. ఎవరో రైతు ఇంట్లో గింజ నిలబడింది కాబట్టి బ్యాంకుకి చేరింది, బ్యాంకులో ఉంది కాబట్టి ఇప్పుడీ చేలో ఉంది. తాతకి నంబరు చెప్పలేదు, ఆయనకి దాంతో పని లేదు.

అదే సాయంత్రం, జాతర

ఊరి మొదట్లోనే డప్పులు వినిపించాయి. ఎడ్ల బండ్లకి జొన్నకంకులు, మామిడాకులు కట్టి, బండ్ల మీద గంపల్లో, ముంతల్లో విత్తనాలు పెట్టి ఊరేగిస్తున్నారు. ముందు ఆడవాళ్లు పాడుతూ నడుస్తున్నారు, ఎడ్లకి హారతిస్తున్నారు. నేను ఒక్కో ముంతా లెక్కపెడుతూ పోయా, 52 దాకా వచ్చి జనంలో లెక్క తప్పింది. కొర్రల్లోనే ఎరుపు, నలుపు, పసుపు. నువ్వులు, అవిసెలు, అనుములు, ఉలవలు, బొబ్బర్లు. అమ్మ తైదలు అన్న మాట విని ఏంటా అని చూసి, "ఓసి, రాగులే!" అంది. మా పక్క రాగులు, ఇక్కడ తైదలు, ఉత్తరాంధ్రలో చోళ్లు.

రెండో బండి మీద పచ్చజొన్న ఉంది. అమ్మ చెయ్యి మణికట్టు దాకా గంపలో ముంచేసింది. తర్వాత సంచిలోంచి సీసా తీసి, ఎడమ చేతిలో మావి, కుడి చేతిలో వాళ్లవి పోసుకుని వీధి దీపం కింద చూసింది. మా గింజ కొంచెం చిన్నది, రంగు ముదురు, అడుగున పొట్టు నల్లగా అంటుకుని ఉంది. వాళ్లది లేత పసుపు, గుండ్రం. "మాది కాదు. మాదానికి చెల్లెలు" అంది, గొంతు తగ్గించి. పక్కనే నిలబడ్డ ఒకావిడ, డెబ్భై దాటి ఉంటుంది, ఇదంతా చూసి, "ఏ ఊరు అక్కా మీది? ఇత్తుల్ని సీసల ఏసుకొని తిరుగుతున్నవ్?" అంది. చెప్పింది అమ్మ, కుండ దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం. ఆవిడ విని, అమ్మ మోచెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

వాళ్ల వెనకింట్లో గోడ పొడుగునా వెదురు గంపలు, లోపలా బయటా పేడా మట్టితో అలికినవి. ఒకటి విప్పి చూపించింది. పైన మట్టి మూత పగలగొడితే ఎండుగడ్డి, గడ్డి కింద ఎండిన వేపాకు, దాని కింద బూడిద కలిపిన గింజలు. జేజి కుండలాగే, వేపాకు ఒక్కటే కొత్త. మా ఊళ్లో తిండికి జొన్నలు పాతరలో పోసేవాళ్లు, నేలలో గొయ్యి తవ్వి చుట్టూ చొప్ప పరిచి, విత్తనం మాత్రం కుండలోనే అని అమ్మ చెప్తే, "ఇత్తనం ఏరే, తిండి ఏరే. తిండి గంపల చెయ్యి పెట్టొచ్చు, ఇత్తనం గంపల ఆకలైనా పెట్టొద్దు" అంది అవ్వ.

పచ్చజొన్న కాస్త విత్తనానికి ఇమ్మని అడిగాం. దేవుడి గూట్లో దీపం అప్పుడే వెలిగింది. "దీపం పెట్టినంక ఇత్తులియ్యం బిడ్డా. పొద్దుగాల తీస్కపోండ్రి, ఈడనే పండుండ్రి" అంది. లాడ్జి 900 అలా పోయాయి, నాకు ఇసుమంతైనా బాధ లేదు. రాత్రి జొన్నరొట్టె, శనగాకు పప్పు, నువ్వుల పొడి, ఉల్లిగడ్డ. రొట్టె అంచు పగల్లేదు. అమ్మ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి దీపానికి అడ్డంగా పెట్టి నాకు చూపించింది. తింటుంటే ఇంటాయన రేడియో పెట్టాడు, మాచ్‌నూర్ నుంచి వచ్చే సంఘం రేడియో, 90.4. 2008 అక్టోబర్ 15న మొదలైంది, నడిపేది ఈ ఊళ్ల ఆడవాళ్లే. మధ్యలో ఒక గొంతు వినపడగానే అవ్వ "మా బిడ్డ దోస్తు" అని చూపుడువేలు రేడియో వైపు పెట్టింది.

జనవరి 22, పొద్దున

తెల్లారగానే అవ్వ మమ్మల్ని చేలోకి తీసుకుపోయింది. నల్లరేగడిలో జొన్న, మధ్య మధ్య శనగ, అవిసె, అంచున కుసుమ. బోరు లేదు, నీళ్లు కట్టరు, ఎరువు పెంటకుప్ప నుంచే. "గివి సత్యం పంటలు. వాన లేకున్నా మంచు తాగి పండుతయ్" అంది. శనగాకు చివర్లు గిల్లి నా చేతిలో పెట్టింది, వేళ్లకి పుల్లటి తడి అంటుకుంది.

ఇంటికొచ్చాక మానికతో మానెడు పచ్చజొన్నలు కొలిచి అమ్మ కొంగులో పోసింది, చేతికివ్వలేదు. డబ్బు మాట ఎత్తితే అవ్వ మొహం మారింది. వాళ్ల సంఘంలో పద్ధతి ఒకటే, మానెడు తీసుకుంటే పంటకి రెండు మానికలు తిరిగివ్వాలి. "వచ్చే ఏడు మీరే తేవాలె, అప్పుడు మల్ల రొట్టె తినిపోండ్రి" అంది. అమ్మ కాసేపు ఆలోచించి సీసా మూత తీసి రెండు పిడికిళ్లు జేజి జొన్నలు అవ్వ కొంగులో పోసింది. నాకు ఒక్క క్షణం మనసు లాగింది, మనకే లేవు కదా అని. అవ్వ ఒక గింజ పంటికింద పెట్టింది, పటుక్కుమంది. "ఎండినయి మంచిగ. పాణం ఉన్నదో లేదో నేల చెప్తది" అని పక్కన పెట్టింది.

ఎన్నేళ్లు ఉంటాయి ఈ గంపలో అని అడిగా. "ఎన్నేండ్లేంది? ఏడాదే. ఏడాదికొకసారి ఇప్పాలె, ఎండపొయ్యాలె, ఇత్తాలె, పంట తీసి మల్ల అలికి పెట్టాలె. నేను ఇత్తకపోతే గంపల ఏమున్నది, బూడిద" అంది. పటాన్‌చెరులో ఆ కుళ్లాయిల చేను ముందు నిలబడి విన్నదీ ఇదే కదా. అక్కడ పదేళ్లకో ఇరవయ్యేళ్లకో వచ్చే వంతు ఇక్కడ ఏడాదికే వస్తుంది. మా ఇంట్లో ఆ వంతు నా దాకా వచ్చి ఆగిపోయింది, నేను విత్తలేదు.

జనవరి 23, ఝరాసంగం, వెనక్కి

కేతకీ సంగమేశ్వరుడి దర్శనం చేసుకున్నాం, అమ్మ కొంగు ముడి విప్పకుండానే దణ్ణం పెట్టుకుంది. వచ్చే దారిలో ఓ ఊళ్లో విత్తనాల షాపు దగ్గర ఆగి నాటు పచ్చజొన్న ఉందా అని అడిగాను, కౌంటర్ అబ్బాయి హైబ్రిడ్ ప్యాకెట్లు నాలుగు ముందు పెట్టాడు, బొమ్మలు బాగున్నాయి. నాటుది అడిగేవాళ్లు లేరట. చెరకు రసం రెండు గ్లాసులు 40.

ఇంటికొచ్చాక

24న పొద్దున అమ్మ చాటలో గింజలు పోసుకుని వంద లెక్కపెట్టింది, పదీ పదీ కుప్పలుగా. పెద్దవి ఏరకు, కళ్లు మూసుకుని తియ్యి అన్నాను, పటాన్‌చెరు ఆయన గట్టిగా చెప్పింది అదే. పాత పంచె ముక్క తడిపి పిండి, వరసగా పరిచి, చుట్టి, గిన్నెలో నిలబెట్టి మూత పెట్టాం. రెండో రోజు ఏమీ లేదు. మూడో రోజు సాయంత్రం విప్పితే ఒక గింజ చివర తెల్లగా సూదిమొనంత. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. నాలుగో రోజు ఆరు. మిగతావి కొన్ని బూజు పట్టాయి, కొన్ని ఉబ్బి ఊరుకున్నాయి. ఎనిమిదో రోజుకి పదకొండు, ఆ తర్వాత పెరగలేదు.

వందకి పదకొండు. బ్యాంకు లెక్కలో చాలా చాలా తక్కువ. కానీ సీసాలో ఇంకా పావుకిలో పైనే ఉంది, వంద గింజలు మూడు గ్రాములనుకుంటే తొమ్మిది వేల దగ్గర, అంటే వెయ్యి గింజలు ఇంకా ప్రాణంతో ఉన్నాయి. అమ్మ ఆ లెక్క రెండుసార్లు చెప్పించుకుంది. "వెయ్యి అంటే అరెకరం సాళ్లలో నాలుగైనా నిలబడతాయి కదరా" అని వెంటనే ఊరికి, మా చిన్నాయనకి ఫోన్ చేసింది. ఆయన శనగ చేలో అంచున పది సాళ్లు ఇస్తానన్నాడు, కాకపోతే జొన్న విత్తేది సెప్టెంబర్ చివర, అక్టోబర్. అంటే ఇంకా ఎనిమిది నెలలు వీటిని బతికించుకోవాలి.

మొలిచిన పదకొండిట్నీ మిద్దె మీద పెయింట్ బకెట్లలో నాటాం, ఇప్పుడు రెండాకుల మీదున్నాయి. మిగతా గింజల్ని అమ్మ రెండెండలు పోసి, కొరికి చూసి, కొత్త సీసాలో గాలి చొరకుండా బిగించింది. అవ్వ ఇచ్చిన మానెడు ఇంకో డబ్బాలో. రెండూ కలవకూడదు కదా, నేను తెల్ల కాగితం కత్తిరించి చీటీలు రాశాను. ఒకదాని మీద అవ్వ ఊరు, తీసుకున్న తేదీ, రెండు మానికలు బాకీ. ఇంకోదాని మీద పచ్చజొన్న, మా ఊరి పేరు, మండలం, జేజి పేరు, వందకి పదకొండు, ఫిబ్రవరి 1.

"రొట్టె అంచు పగలదని గూడా రాయి" అంది అమ్మ. రాసి, టేప్ అంటించి, ఫ్రిజ్‌లో పైఅరలో వెనక్కి పెట్టాను.